గదికో పువ్వు

పెళ్ళయిన ఇన్నేళ్ళలో గోడకు ఒక్క మేకు కొట్టి ఎరగని మొగుడు, ఈస్టర్‌కి ఇల్లు తనే అలంకరిస్తానన్నప్పుడే టైలరమ్మకు అనుమానం రావాల్సింది. రాలేదు. పైగా మురిసిపోయింది.

"నువ్వు మిషన్ దగ్గర్నుంచి లేవక్కర్లేదు. పండగ పని నాకొదిలెయ్. డ్యూటీ దిగాక చూసుకుంటాను" అన్నాడాయన. ఆయన బస్సు డ్రైవరు.

పండగ ముందు ఆమె షాపులో ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. పొద్దున వెళ్తే దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేది. వచ్చేసరికి రోజుకో మార్పు కనబడేది.

మొదట కర్టెన్లు మారాయి. కళ్ళు జిగేల్మనే పసుపు. తర్వాత హాలు మధ్యలో ఉండే టీపాయ్ గోడవారకు జరిగింది. తివాచీ చాపచుట్టలా అటకెక్కింది.

"అదేం పాపం చేసిందండీ?"

"వసంతం కదా. నేలక్కూడా కాస్త గాలి ఆడాలి."

మేడమెట్ల కమ్మీ పొడుగునా రిబ్బను చుట్టాడు. మలుపులో ఒక ముడి, పై మెట్టు దగ్గర ఇంకా పెద్ద ముడి. వీధి తలుపుకి చిరుగంటలు కట్టాడు. ఇక పువ్వులు! పడగ్గదిలో లిల్లీలు, హాల్లో గులాబీలు, వంటింటి కిటికీలో పుదీనా కుండీ. పండగ గుడ్లకు రంగులు వేయడం మానేసి ఒకదానికి పూసలు, ఒకదానికి దారం, ఇంకోదానికి ఇసుక అతికించాడు.

అప్పుడు కుట్టింది ఆమెకు అనుమానం. ఏ షర్టు మీదికి ఏ ప్యాంటో కూడా పెళ్ళాన్ని అడిగే మనిషికి గదికో పువ్వు పెట్టాలని ఎలా తోచింది?

ఇది ఆయన బుర్ర కాదు. వెనక ఎవరో ఉన్నారు.

అక్కకి ఫోన్ చేసింది.

"లిల్లీలు కావాలని నువ్వు అడిగావా?" అంది అక్క.

"లేదే."

"మరి ఎవరికిష్టమో కనుక్కో. మగాడు ఉన్నట్టుండి ఇల్లు సర్దుతున్నాడంటే మనసు సర్దుబాటు కాలేదన్నమాటే."

ఆ మాట చెవిలో జోరీగలా దూరింది. అప్పట్నుంచి ఆయన ఏం చేసినా తేడాగానే కనబడింది. ఫోన్ మోగితే పెరట్లోకి వెళ్తున్నాడు. "ఇంకా చెప్పలేదండీ, పండగ వెళ్ళనివ్వండి" అని గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. స్కూటరు ముట్టుకోవడం మానేశాడు. అడిగితే నడక మంచిదట. పొట్ట తగ్గాలట. ఎవరి కోసమో!

అన్నిటికన్నా ఆ చూపు. భోజనానికి కూర్చుంటే చాలు, ముద్ద చేతిలో పట్టుకుని ఆమె మొహంలోకే చూస్తాడు.

"ఏంటండీ అలా చూస్తారు?"

"నీ కనుబొమ మీద ఆ చిన్న మచ్చ ఎప్పట్నుంచీ ఉంది?"

"పుట్టినప్పట్నుంచీ! ఇన్నేళ్ళకి కనబడిందా?"

"సరిగ్గా చూడలేదు" అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పోలికలు తీస్తున్నాడు. ఆవిడ మొహానికి మచ్చ లేదు కాబోలు.

పండగ రేపనగా, షర్టు తీసుకెళ్ళడానికి ఆయన బస్సు కండక్టరు షాపుకొచ్చాడు.

"సెలవులో అన్నయ్య హాయిగా ఉన్నాడా వదినా? ఆయన లేకపోతే బండిలో సందడే లేదు."

"ఏం సెలవు?"

"అదేంటి వదినా, నెల పైగా రావట్లేదుగా! పండగకి ఇల్లు చూసుకోవాలన్నాడు."

ఆమె నవ్వింది. ఆ నవ్వు మొహంతోనే కండక్టరు షర్టుకి వేరే ఎవరిదో గుండీ కుట్టి పంపేసింది. రోజూ పొద్దున్నే యూనిఫాం వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్తున్నదెక్కడికి? ఇంటినిండా పువ్వులు పెట్టింది చాలక తన చెవిలోనూ పెడుతున్నాడన్నమాట!

మిషన్ మీద గుడ్డ అలాగే వదిలేసి, మిట్టమధ్యాహ్నం ఇంటిదారి పట్టింది. వీధి తలుపు తీస్తే గంటలు మోగుతాయి. ఇందుకే కట్టాడా? అనుకుని పెరటి వైపు నుంచి పిల్లిలా వెళ్ళింది.

లోపల ఆడగొంతు. మెత్తగా, ముద్దుగా.

"కళ్ళు మూసుకోండి... భయం వద్దు. నా చెయ్యి పట్టుకోండి. ఆఁ, అలాగే. ఇప్పుడు మెల్లగా పడగ్గది వైపు..."

ఇంకేం వినాలి? తలుపు భళ్ళున తోసింది.

హాల్లో ఆయన. పక్కన చక్కగా దువ్వుకున్న జుట్టుతో ఓ నడివయసావిడ. ఆవిడ మోచెయ్యి పట్టుకుని, పెదవుల మీద చిన్న నవ్వుతో, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు.

"సిగ్గులేదూ? నా ఇంట్లో, నేను కుట్టుకున్న కర్టెన్లు తీసిపారేసి, పట్టపగలు..." ఆవిడ వైపు తిరిగింది. "చెప్పవమ్మా, ఎవరు నువ్వు? ఈయనకి ఏమవుతావు?"

ఆయన కళ్ళు తెరిచాడు. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుర్చీలో కూలబడ్డాడు.

ఆవిడ ఆయన్ని చూసింది. ఆమెని చూసింది. మెల్లగా అంది:

"చూపు పోతున్నవాళ్ళకి, అది పూర్తిగా పోకముందే, ఎవరింట్లో వాళ్ళు తడుముకోకుండా తిరగడం నేర్పుతానమ్మా నేను."