మిగిలిన సగం

"కదలకమ్మా. తేనెటీగ ముల్లును పట్టి పీకకూడదు, గోటితో గీకెయ్యాలి," అన్నాడు మామగారు, వేళ్లతో కోడలి మెడ మీద వెతుకుతూ. అప్పటికి ఐదు ముళ్లు బయటపడ్డాయి. ఆమె ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది.

"మేడ మీదికి ఎందుకెళ్లావు?"

"బట్టలు ఆరేద్దామని."

"పదేళ్లుగా తేనెపెట్టెలు అక్కడే ఉన్నాయి. ఇంట్లోవాళ్ల జోలికి ఒక్క ఈగ వచ్చిందా? తప్పు నాదేనమ్మా. పొద్దున సగం అరటిపండు తిన్నాను. ఆ చేత్తోనే పెట్టె మూత సర్దినట్టున్నాను. ఇప్పుడెళ్లి చూస్తే మూతంతా అదే వాసన!"

తేనెటీగ కుట్టగానే ముల్లు దగ్గర లేచే వాసన అచ్చం అరటిపండు వాసనే. అది సోకిందంటే తమ ఇంటి మీద ఎవరో పడ్డారని మిగతావన్నీ యుద్ధానికి బయల్దేరతాయి. ఈ పాఠం ఆయన కోడలికి వందసార్లు చెప్పి ఉంటాడు. అరటిపండు ముట్టిన చేత్తో మేడ మెట్లెక్కకూడదన్నది ఆ ఇంటి చట్టం.

"చెయ్యి కడుక్కునే ఉంటారు మామయ్యా."

"నువ్వు చూశావా?"

ఆమె వాచిన కన్ను అదుముకుంది. "లేదు."

"పాప నడక మొదలెట్టిన రోజే చెప్పావు, వీటిని ఎవరికైనా ఇచ్చెయ్యమని. ఇంట్లో ఒక్కర్ని కుట్టినా ఆ రోజే పంపేస్తానని పెద్ద మొనగాడిలా మాటిచ్చాను. స్నేహితుడికి ఫోన్ చేశాను. సాయంత్రం వ్యాన్ తెస్తాడు."

"వద్దు మామయ్యా. అవి లేకపోతే మీకు పొద్దే పోదు," అంటూ ఆమె నిజంగానే ఏడ్చింది.

"పాపను కుట్టి ఉంటే నేను బతికేవాణ్ణా? పైగా కుట్టిన ఈగ కూడా బతకదు. ముల్లుతో పాటు పేగులూ వదిలేసుకుని చస్తుంది. ఇల్లు కాపాడుకుందామని ఐదు ఈగలు ప్రాణాలు పోగొట్టుకున్నాయి, నా పాడు చేతి వల్ల."

ఒంటి మంట కన్నా ఆ మాటే ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టింది.

సాయంత్రం వ్యాన్ వెళ్లిపోయాక ఆయన మెట్లు దిగి వచ్చాడు. ఎప్పుడూ తలకు తగిలించుకునే వల టోపీని ఏం చెయ్యాలో తెలియక చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు.

"వంటగట్టు మీద ఆ పండు మిగతా సగం మూతపెట్టి ఉంచాను. పారెయ్యమ్మా, దాన్ని మళ్లీ చూడలేను."

"అలాగే మామయ్యా," అంది ఆమె తలెత్తకుండా.

ఆ సగాన్ని పొద్దునే ఆమె తేనెపెట్టె మూతకు పూసేసింది.