ఒక పట్టు తక్కువ

పోటీల్లో గోడలెక్కడమే స్వరూప ఉద్యోగం. ఆ ఆటలో ఉన్నవాళ్లందరి వేలికీ ఇప్పుడు ఒక ఉంగరం ఉంటుంది. వేళ్ల నరాలు తెగిపోకుండా, గోడ మీదైనా ఇంట్లోనైనా వారానికి ఇన్ని పట్లేనని అది లెక్క చూస్తుంది. లెక్క నిండితే ఎర్రబడుతుంది. వెంటనే నడుముకున్న తాడు మనిషిని కిందికి దించేస్తుంది.

ఫైనల్ రోజు పొద్దున ఆమెకు ముప్పై పట్లు మిగిలాయి. ఎక్కాల్సిన గోడకూ ముప్పై రాళ్లే. గెలిస్తే జాతీయ జట్టులో చోటు. వయసు రీత్యా ఇదే ఆఖరి అవకాశం. అందుకని తల్లి అంజమ్మ ఆమెను చెంబు కూడా ముట్టనివ్వక, ఉప్మా నోట్లో పెట్టింది.

"ఇరవై ఎనిమిదేండ్ల పసిబిడ్డ," అని తండ్రి నర్సింలు నవ్వాడు.

భువనగిరిలో వాళ్ల ఇంటి మెట్లు నున్నటి రాతివి. ముగ్గురూ పోటీకి బయల్దేరి దిగుతుంటే నర్సింలు కాలు జారింది. స్వరూప చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది. ఉంగరం టిక్కుమంది. ఇరవై తొమ్మిది.

"నన్ను పడనియ్యకపోయినవా బిడ్డా. మహా అంటే నడుం ఇరిగేది," అన్నాడు నర్సింలు, ఉంగరం వైపు చూస్తూ.

"మహా అంటేనా నాయినా? పా, టైమైతున్నది."

సాయంత్రం ఆమె ఒక్క తప్పు లేకుండా ఇరవై తొమ్మిదో రాయి దాకా ఎక్కింది. ఆఖరి రాయికి చెయ్యి చాపుతుండగా ఉంగరం ఎర్రబడింది.

కిందికి దిగగానే కోచ్ కస్సుమన్నాడు. "ఆ ఒక్క పట్టు ఏడ పోగొట్టినవ్?"

స్వరూప చేతుల సుద్దపొడి దులుపుకుంటూ జనం వైపు చూసింది.

"పోలేదు సార్. అగో, మూడో వరుసల, మా అమ్మ పక్కన కూసున్నది."