పేరు పిలిచాక

“ఎమిల్, లేవరా. బ్యాట్ తీసుకో,” అన్నాడు మేనేజర్ గఫ్నీ.

బెంచీ చివర కూర్చున్న ఎమిల్ తలెత్తి చూశాడు. బేస్‌బాల్ మైదానం మధ్య మట్టిదిబ్బ మీద నిలబడి బంతి వేస్తున్నది అవతలి జట్టు క్రోవెల్. రెండేళ్ళ కిందట చిన్న లీగులో ఆ క్రోవెల్ వేసిన బంతే ఎమిల్ కుడి చెంప ఎముక విరగ్గొట్టింది. ఇప్పటికీ చలిగాలి తగిలితే ఆ కంట నీరు కారుతుంది.

“నేనా సార్?”

“కాదు, మీ అమ్మమ్మ! క్రోవెల్‌ది కుడిచెయ్యి, వాడి బంతిని ఎడమచేతివాడే బాగా కొడతాడు. ఎడమచేతివాటం బ్యాటర్‌వి నువ్వొక్కడివే మిగిలావు.” గఫ్నీ గొంతు తగ్గించాడు. “నువ్వు ఎవరి బదులు వచ్చావో ఆ కాస్టర్ కాలు బాగైంది, రేపు వచ్చేస్తాడు. నువ్వు పొద్దున్నే రైలెక్కి మళ్ళీ చిన్న లీగుకే. నీకున్నది ఈ ఒక్కసారే. భయమైతే ఇప్పుడే చెప్పు.”

ఎమిల్ బ్యాట్ అందుకున్నాడు.

“వెళ్ళరా పిల్లకాకీ,” అన్నాడు పక్కన పొగాకు నములుతున్న ముసలి బర్క్. “చచ్చినా పెద్ద లీగులో చస్తావు.”

బెంచీ మీద అందరూ నవ్వారు.

“తన బంతి తగిలి పడ్డవాడి వంక క్రోవెల్ తిరిగి కూడా చూడడట కదా?” అనడిగాడు ఎమిల్ మెల్లగా.

“ఆరోజు నీ వంక చూశాడా?”

“నాకేం తెలుసు? నా మొహం మట్టిలో ఉంది.”

లౌడ్‌స్పీకర్‌లో ఎమిల్ పేరు వినిపించింది. ఎవరో నలుగురు చప్పట్లు కొట్టారు. ఎమిల్ వెళ్ళి, బ్యాటర్ ఆడే చోట నేలలో పాతిన ప్లేటు పక్కన నిలబడ్డాడు.

వెనకాల గొంతుక్కూర్చున్న అవతలి జట్టు క్యాచర్ తలెత్తి చూశాడు. “చెంప అతుక్కుందా తమ్ముడూ? ఈసారి రెండోది కూడా చూపిస్తావా?”

ఎమిల్ కాళ్ళు వెనక్కి లాగుతున్నాయి. ఒక్క అడుగు వెనక్కి జరిగితే తల దక్కుతుంది. కానీ అంత దూరం నుంచి ప్లేటు అవతలి అంచు మీదుగా వచ్చే బంతి బ్యాటుకి అందదు. రేపు రైల్లో కూర్చుని ఆ అడుగునే తలుచుకుంటూ పోవాలి.

పళ్ళు బిగించి అర అడుగు ముందుకే జరిగాడు. బూటుతో మట్టి తవ్వి కాలు పాతుకున్నాడు. తలెత్తి క్రోవెల్ కళ్ళలోకి చూశాడు. ‘వెయ్యి,’ అనుకున్నాడు. ‘తగిలితే తగలనీ.’

క్రోవెల్ కదల్లేదు. బంతిని వేళ్ళ మధ్య తిప్పాడు. టోపీ సర్దుకున్నాడు. తర్వాత భుజం పట్టుకుని తమ మేనేజర్ వైపు చెయ్యి ఊపాడు. ఆయన పరుగెత్తుకొచ్చాడు. ఏవో రెండు మాటలు నడిచాయి. క్రోవెల్ బంతి ఆయన చేతిలో పెట్టి, తల దించుకుని వెళ్ళిపోయాడు. అతని బదులు ఎడమచేత్తో వేసే పిచర్ వచ్చాడు.

వెంటనే గఫ్నీ ఈల వేశాడు. “ఎమిల్, వచ్చెయ్! నోవాక్, నువ్వు వెళ్ళు!”

“సార్, నేను ఆడతాను!”

“ఎడమచేతివాడికి ఎడమచేతివాణ్ణి ఎవరైనా నిలబెడతారా? వచ్చెయ్యమన్నానా!”

ఒకసారి బయటికి పిలిచినవాణ్ణి ఆ ఆటలో మళ్ళీ పంపకూడదు. ఎమిల్ వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు.

“ఒక్క బంతైనా పడలేదు,” అన్నాడు.

“పేరు పిలిచారుగా, లెక్కలోకి వచ్చేసింది. నువ్వూ పెద్ద లీగులో ఆడినవాడివే,” అన్నాడు బర్క్. ఈసారి నవ్వలేదు.

ఆట ముగిశాక ఎమిల్ సంచీ భుజాన వేసుకుని మెట్ల కింది నడవలోంచి బయల్దేరాడు. అక్కడ ఒక చెక్కపెట్టె మీద క్రోవెల్ ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఎమిల్ కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. దాటిపోదామనుకున్నాడు కానీ దారి ఇరుకు.

“భుజం... ఎలా ఉంది?” అనడిగాడు.

క్రోవెల్ అతని కళ్ళకేసి చూడలేదు. కుడి చెంప వైపే చూశాడు.

“భుజానికేం కాలేదు. నువ్వు కాస్త వెనక్కి జరిగి ఉంటే వేసేవాణ్ణే. నువ్వు ముందుకొచ్చావు, నాకు భయమేసింది.”