మిగిలిన ఏడు సొరుగులు

"ఎక్కడ చచ్చాడయ్యా ఆ మోయిన్?"

గేటు ముందు నిలబడ్డ ముసలాయనను శ్రీరామమూర్తి అడిగిన మొదటి మాట అది.

తెల్లటి గడ్డం, నలిగిన పైజామా, చేతిలో పనిముట్ల సంచి.

"ఆనికి కుదరదు సాబ్. మిగిలిన పని నేను జేస్త. అయినంక ఆని మీద కోపం ఇడిసిపెట్టుండ్రి."

"కుదరదా! రేపు పొద్దున గృహప్రవేశం పెట్టుకుంటే ఫోనే ఎత్తడు. ముందు పని చూడు, కోపం సంగతి తర్వాత!"

కాకినాడ నుంచి వచ్చి, కంచన్‌బాగ్‌లో ముప్ఫై ఏళ్లు ఉద్యోగం వెలగబెట్టి, ఇన్నాళ్లకు సొంత ఇల్లు కట్టుకున్నాడు శ్రీరామమూర్తి. రేపు ఆఫీసంతా వస్తుంది. వంటింట్లో పన్నెండు సొరుగులకు వడ్రంగి మోయిన్ బిగించింది అయిదే. మిగతా ఏడూ నేల మీదే ఉన్నాయి. మనిషికి ఒళ్లు మండదూ మరి!

ముసలాయన అలమరా ముందు కూర్చున్నాడు.

అలమరాకు ముందువైపు చెక్క చట్రం ఉంది. అది పక్క పలకల కన్నా ముప్పావంగుళం లోపలికి వచ్చి ఉంటుంది. సొరుగు జారడానికి దాని అడుగున కనబడకుండా ఉండే ఇనప ఛానల్‌ను నేరుగా పలకకు బిగిస్తే, అది చట్రం చాటుకు పోతుంది. ఇక సొరుగు దాని మీద కూర్చోదు. అందుకే మోయిన్ ఆ ఖాళీకి సరిపడా చెక్క పట్టీలు కోసి, కట్టగట్టి మూలన పెట్టి వెళ్లాడు.

ముసలాయన కట్ట విప్పి ఒక్కో పట్టీని తడిమి చూశాడు.

"అవెందుకు?" అన్నాడు శ్రీరామమూర్తి.

"ఛానల్ ఎనక బెట్టాలె సాబ్. చట్రానికి సమానం రావాలె."

"నేను వీడియోలు చూశాను. ఈ అతుకులు ఎక్కడా లేవు. వాడు కొలత తప్పాడు, నువ్వు కప్పిపుచ్చుతున్నావు!"

"వీడియోల డబ్బాలకు ముందట చట్రం ఉండదు సాబ్. ఆ పిలగాని కొలత తప్పు లేదు."

"నాకే పాఠాలా?"

శ్రీరామమూర్తి కట్టంతా ఎత్తుకెళ్లి గేటు బయటికి విసిరేశాడు.

"ఇప్పుడు బిగించు. నేను చెప్పినట్టు!"

ముసలాయన చెప్పినట్టే బిగించాడు. సొరుగు ఒక పక్కకు ఒరిగి, దభీమని నేల మీద పడింది.

తప్పు తనదేనని శ్రీరామమూర్తికి తెలిసిపోయింది. తెలిసింది కాబట్టే గొంతు ఇంకా పెంచాడు.

"చేతకాని వెధవలంతా నాకే దొరుకుతారు! పో, ఏరుకో పో!"

ముసలాయన ఎండలో వంగి పట్టీలన్నీ ఏరాడు. ఒక్కోదాన్ని చొక్కా అంచుతో తుడిచాడు.

"అబ్బో, కట్టెముక్కలకు ఎంత మర్యాదో!"

భార్య ఉదయశ్రీకి జాలేసింది. "పాపం పెద్దాయనండీ. కాస్త టీ ఇవ్వనా?"

"రేపు పాలు పొంగించకముందే ఇవాళ పొయ్యి వెలిగిస్తావా? బుద్ధుందా నీకు?"

"పోనీ మంచినీళ్లు..."

"వీధి చివర కుళాయి ఉంది."

పదకొండింటికి ముసలాయన ఫోను మోగింది. ఆగి, మళ్లీ మోగింది.

"సాబ్, ఒక్క గంట బార్కస్ బస్తీ దాంక పోయొస్త. ఇంట్ల అందరు నా కోసమే జూస్తున్నరు."

"వాడూ ఇలాగే చెప్పి పోయాడు. ఏడూ బిగించాకే గేటు తీసేది!"

అన్నట్టే గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకున్నాడు.

ముసలాయన కాసేపు గేటు వైపు చూశాడు. ఫోను ఆపేసి మళ్లీ కూర్చున్నాడు.

మూడింటికి ఏడో సొరుగును వేలితో నెట్టాడు. అది చప్పుడు లేకుండా తనంతట తనే మూసుకుంది.

శ్రీరామమూర్తి పన్నెండూ లాగి చూశాడు. వంక పెట్టడానికి ఒక్కటీ దొరకలేదు. దొరక్కపోయేసరికి ఇంకా మండింది.

"సంచి తెరువు. ఎన్ని స్క్రూలు నొక్కేశావో చూడాలి."

ఉలి, టేపు, పెన్సిలు ముక్క, ఒక చెక్క పట్టీ కింద పడ్డాయి.

"ఇదేంటి?"

"ఒక్కటి మిగిలింది సాబ్. నేనుంచుకుంట."

"నా చెక్క నీకెందుకు?" అని లాక్కుని చెత్తబుట్టలో పడేశాడు.

ముసలాయన కూలి అడుగుతాడనుకున్నాడు. అడగలేదు. చేతులు జోడించాడు.

"మోయిన్‌ను మాఫ్ చేసిన అని ఒక్క మాట అనుండ్రి సాబ్. సాలు."

"ఆ పనిదొంగ వెధవనా? ఈ జన్మలో అనను. నడు!" అంటూ గేటు తాళం తీశాడు.

ముసలాయన ఇంకేదో అనబోయి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

పావుగంటకు బాలనర్సింహ ఫోన్ చేశాడు. పురానాపూల్‌లో ఫర్నిచర్ కార్ఖానా అతనిదే. మోయిన్‌ను పనికి పంపింది కూడా అతనే.

"ఎవడయ్యా ఆ ముసలి ఘటాన్ని పంపావు?"

"నేనెవ్వర్ని పంపలే సార్. మోయిన్ ముచ్చట చెప్పనీకే చేసిన. మొన్న మీ ఇంటికెల్లి వాపస్ పోతుంటే లారీ గుద్దింది సార్. ఆడనే పానం పోయింది. లొల్లిల మీకు చెప్పుడు మర్శిన."

శ్రీరామమూర్తి ఫోను పట్టుకునే గేటు దాకా పరుగెత్తాడు. వీధిలో ఎవరూ లేరు.

"మరి... పొద్దున్నుంచి పని చేసింది?"

"తెల్లగడ్డమాయనేనా సార్? పోయినోని మీద పని బాకీ ఉండొద్దు, ఎవ్వరి కోపం ఉండొద్దు అంటరు వాళ్ల దాంట్ల. నిన్ననే కొడుకును మట్టిల పెట్టిండు, గాయన మోయిన్ వాళ్ల నాయిన సార్."