మూగ సినిమా

“మేడం, ఆ ముసలామె మళ్లా లేసి నిలబడ్డది,” అన్నాడు మహిపాల్ సుభాషిణితో. హన్మకొండలోని ఆ చిన్న హాలు బాధ్యత అతనిదే.

తెర మీద మిస్ కుందన్ ఏడుస్తోంది. తొంభై ఏళ్లు దాటిన మూకీ అది.

ఒకప్పుడు ఆమె బొమ్మ ఆడితే జనం బండ్లు కట్టుకుని వచ్చేవారట. తర్వాత కంపెనీ సేటు ఆమె పేరన్నదే లేకుండా చేశాడు. తనంతట తానే సినిమాలు మానుకుందని లోకానికి చెప్పాడు. లోకం హాయిగా నమ్మింది.

గోదాములో దాచిన ఈ ఒక్క రీలు కోసం, పాత సినిమాల మీద పరిశోధన చేసే సుభాషిణి సేటు వారసులతో ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడింది. తీరా చేతికొచ్చాక చూస్తే, మధ్యమధ్య మాటలు రాసి చూపే ముక్కలన్నీ కత్తిరించేసి ఉన్నాయి.

కుందన్ వరంగల్ మనిషి. ఇక్కడ ఆడిస్తే ఎవరి ద్వారానైనా ఏమైనా తెలుస్తుందని సుభాషిణి ఆశ.

“ఎవరామె?”

“గిర్మాజీపేట దిల్షాద్ బేగం. తొంభై దాటినయి. మూగది. ‘మూగ సినిమా’ అని పోస్టర్లేసినం గద, మూగోళ్ల కోసమేననుకొని వచ్చినట్టుంది.”

చుట్టుపక్కల వాళ్లు నవ్వారు. సుభాషిణికీ నవ్వొచ్చింది.

ఆఖరి దృశ్యం వచ్చింది. కుందన్ ఉన్నట్టుండి నటన ఆపేసి, కెమెరా పక్కనున్న ఎవరితోనో కోపంగా ఏదో అంది. ఒక మగ చెయ్యి అడ్డొచ్చింది. తెర నల్లబడింది.

సుభాషిణి మైకు అందుకుంది. “ఆ చివరి మాటేమిటో తెలిస్తే చాలు, ఆమెను ఎందుకు మాయం చేశారో తెలుస్తుంది.”

దిల్షాద్ బేగం గబగబా ముందుకొచ్చింది. తెర వైపు చూపించింది. కడుపు మీద చెయ్యి వేసుకుంది. తర్వాత తన గుండె మీద కొట్టుకుంది. మళ్లీ తెర, మళ్లీ కడుపు, మళ్లీ గుండె.

“ఆకలైతాందా అమ్మా?” మహిపాల్ ఆమె చేతిలో ఉప్మా పొట్లం పెట్టాడు. “జర బయట కూసొని తిను.”

ఆమె సుభాషిణి గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. పెదవులు మెల్లగా కదిపింది.

సుభాషిణికి చిరాకేసింది. “తర్వాత మాట్లాడదాం పెద్దమ్మా,” అని చెయ్యి విడిపించుకుంది.

నెల తర్వాత చెవిటి పిల్లల బడిలో పనిచేసే టీచరమ్మ ఒకరు ఆ రీలు చూసి, “పెదవులు ఇంత స్పష్టంగా ఉన్నాయి. చెవులు వినపడని వాళ్లను ఒక్కమాట అడగకపోయారా?” అంది.

సుభాషిణి ఆ పూటే గిర్మాజీపేటకు పరుగెత్తింది.

పక్కింటి ఖాజా పాషా తలుపు దగ్గరే చెప్పాడు. “నానీ పోయింది మేడం. దఫన్ జేసి రెండు వారాలాయె.”

సుభాషిణి అరుగు మీద కూలబడింది. “ఆమెకు పెదవులు చూస్తే మాట అర్థమయ్యేదా?”

“మస్తు అర్థమయ్యేది. పుట్టు చెవుడు గద, వాళ్లమ్మ నేర్పింది. గా పోస్టర్ మీద బొమ్మ జూసే మీకాడికి ఉరికొచ్చింది. ఇంటికొచ్చినంక ఉప్మా పొట్లం ముంగట పెట్టుకొని ఒకటే ఏడుసుడు. అంతా సైగలతోని నాకు జెప్పింది.”

“నాతో ఏం చెప్పబోయింది పాషా?”

పాషా తన కడుపు మీద చెయ్యి వేసుకున్నాడు.

“తెర మీదామె ‘సేటూ, నా కడుపుల నీ బిడ్డ ఉన్నది’ అన్నదట మేడం, గా బిడ్డ మా దిల్షాద్ నానీనే.”