నడవాలో పట్టు చప్పుడు

సైన్స్ పార్కు ఆఫీసులో ఆ రాత్రి ఉజ్వల ఒక్కతే మిగిలింది. ఒకప్పుడు జపాన్‌ను ఏలిన షోగన్ల కోటలో అధికారులు రాసిన దినచర్యలను కంప్యూటర్ సరిగ్గా చదువుతోందో లేదో చూడడం ఆమె పని. రాణివాసానికి ఎవరొచ్చారో, వాన ఎంత పడిందో, అన్నీ ఒకే తీరుగా రాసేవారు ఆ అధికారులు. చరిత్రకారులు వాళ్ళను నమ్మేది అందుకే.

ఆమె చూసిన చివరి పుటలో ఇలా ఉంది: "రాత్రి రాణివాసపు నడవాలో పట్టుబట్టలు నేలమీద ఈడ్చిన చప్పుడు. కాపలావాళ్ళు వెతికారు. ఎవరూ లేరు. తెల్లవారుజామున మంచు కురిసింది."

ఉజ్వల నవ్వుకుని కంప్యూటర్ ఆపేసింది. నగరం పడమటి కొసన బూన్ లేలోని ఇంట్లో ఉన్న కూతురు ఈషితకు ఫోన్ చేస్తూ నడవాలోకి వచ్చింది.

"బయల్దేరానే. తిన్నావా?"

"తినేశా, మకాన్ అయిపోయింది లా. అమ్మా, ఇవాళ పట్టుచీర కట్టుకెళ్ళావా?"

"ఆఫీసుకి పట్టుచీరేంటే? జీన్సే."

"మరి ఆ గరగర ఏంటి? నువ్వు నడుస్తుంటే వినిపిస్తోంది."

ఉజ్వల ఆగింది. ఆమెకేమీ వినపడలేదు. ఏసీ కూడా ఆపేసి ఉంది.

"ఇప్పుడు?"

"ఇంకా వస్తోంది. లౌడ్‌గా."

వెనక్కి చూడడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు. గబగబా వెళ్ళి లిఫ్టు ఎక్కి బటన్ నొక్కింది. తలుపులు మూసుకోబోతూ మధ్యలో ఆగి, మళ్ళీ తెరుచుకున్నాయి. బయట ఎవరూ లేరు. కాసేపటికి అవే మెల్లగా మూసుకున్నాయి. లిఫ్టు కదిలింది.

"హా, ఇప్పుడు ఆగిపోయిందమ్మా," అంది ఈషిత తేలిగ్గా.