ఇన్‌స్పెక్టరు గారి మౌనవ్రతం

ఆటో దిగీ దిగగానే భార్య మరోసారి గుర్తుచేసింది. ఈసారి ఎవరితోనైనా గొడవ పెట్టుకుంటే ఇద్దరూ కలిసి చేసే ఆఖరి ప్రయాణం ఇదే. ఆ తర్వాత ఆవిడ అక్కచెల్లెళ్లతో తిరుగుతుంది, ఆయన ఇంట్లో కూర్చుని గోడలకు వంకలు పెట్టుకోవచ్చు.

ఆయన తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. కోడిగుడ్డుకు ఈకలు పీకడం ఉద్యోగధర్మం. పాపం, ఆ ధర్మాన్ని సెలవుల్లో కూడా వదలడు. కిందటేడు ఒక లాడ్జిలో మంచం పొడవు టేపుతో కొలిచి మేనేజరుతో వాదానికి దిగితే, వాళ్లు సామాను తెచ్చి రోడ్డు మీద పెట్టారు. ఆ పెట్టె మీదే కూర్చుని ఆవిడ ఏడ్చింది. అది తల్చుకుంటే ఆయనకి ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. అందుకే ఈసారి ఒట్టేశాడు. ఈ ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఎవరినీ ఏమీ అడగడు, దేనికీ వంక పెట్టడు.

ఆవిడ ఒట్టుతో సరిపెట్టుకోలేదు. టేపు ఇంట్లోనే దాచేసింది. ఫోన్లు రెండూ ఆపేసి పెట్టె అడుగున పడేసింది.

బస కుదిర్చిందీ ఆవిడే. సముద్రపొడ్డున పాతవీధిలో నీలం కిటికీల ఇల్లు. ఇంటివాళ్లే గది ఇచ్చి, వండిపెడతారట.

ఊరు ఇంకా నిద్రమొహంతోనే ఉంది. పట్టపగలు దుకాణాలు మూసి, వాటి అరుగుల మీదే యజమానులు గుర్రుపెడుతున్నారు. ఒక్కో బోర్డు మీద మూడేసి లిపులు. ఏ కాలంలోనో ఓడల మీద వచ్చినవాళ్లూ, ముందునుంచీ ఉన్నవాళ్లూ పిల్లనిచ్చి పుచ్చుకుని ఒకటైపోయారని ఆటో అతను చెప్పాడు. ఎవరి మొహం చూసినా ఎటు పుట్టి ఎటు పెరిగారో పోల్చుకోలేం.

పాతవీధిలో మొదట కనిపించిన నీలం కిటికీల ఇంటికి బోర్డు లేదు. నాలుక చివరిదాకా వచ్చిన మాటను ఇన్‌స్పెక్టరు మింగేశాడు. తలుపు బార్లా తీసి ఉంది. లావుపాటి ఇంటావిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇద్దర్నీ ఒకసారి ఎగాదిగా చూసింది.

"ఎండలో నిలబడ్డారేం? లోపలికి రండి. వెనక గది ఖాళీగానే ఉంది."

పేరడగలేదు. సంతకం అడగలేదు. ఇదేం పద్ధతని ఆయన నోరు తెరవబోతే భార్య కాలు తొక్కింది.

గదిలో మంచానికి ఒక కాలు పొట్టి, దాని కింద మడతపెట్టిన అట్టముక్క. ఇన్‌స్పెక్టరు కళ్లు మూసుకున్నాడు.

హాలు గోడ నిండా ఫొటోలే. తలపాగా తాత పక్కన గొడుగంత టోపీ పెట్టుకున్న మామ్మ. ఆ పక్కన ఏ దేశం కోటో తెలియని కోట్లు తొడుక్కున్న బాబాయిలు. ఆ ఇంట్లో తిట్లు ఒక భాషలో, బేరాలు ఇంకో భాషలో, జోలపాటలు మూడో భాషలో నడుస్తాయి. దేవుళ్లు కూడా ఒకే గూట్లో సర్దుకుని కూర్చున్నారు.

మర్నాడు టిఫిను కోసం బల్ల దగ్గర కూర్చుంటే, ఇంటావిడ ఆయన ముందు కత్తీ, బుట్టెడు ఉల్లిపాయలూ పెట్టి వెళ్లిపోయింది. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ సముద్రం వైపు చూసింది. కళ్లనీళ్లు కారుస్తూ అన్ని ముక్కలూ ఒకే కొలతకి తరిగాడు.

ఇక అక్కణ్ణించి అడ్డేముంది? పాడైపోయిన ఫ్యాను చూడమన్నారు, చూశాడు. ఇంట్లోని ముసలాయన్ని ఒడ్డుదాకా నడిపించుకు రమ్మన్నారు, తెచ్చాడు. ఆ ముసలాయన సాయంత్రం పేకాటలో రాజుని చొక్కాచేతిలో దాచడం స్పష్టంగా చూశాడు. జీవితమంతా దొంగతూకాలు పట్టినవాడు పళ్లు బిగబట్టి ఓడిపోయాడు. ఇంటావిడ మనవరాలిని ఆయన ఒళ్లో కుదేసి, తాతయ్యని విసిగించకమ్మా అని పొరుగింటికి వెళ్లిపోయింది. ఇదేం లాడ్జిరా నాయనా అనుకున్నాడు. పిల్ల ఆ ఒళ్లోనే నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కినా ఆయన కదల్లేదు.

తర్వాత ఎప్పుడో, ఏ రోజో ఆయనకే తెలీదు, నాలుక దురద తగ్గిపోయింది. మంచం ఊగినా నిద్ర పట్టేస్తోంది. ఫ్యాను మళ్లీ ఆగితే అడక్కుండానే నిచ్చెన వేసుకున్నాడు. పేకాటలో తనూ ఒక రాణిని దాచడం నేర్చాడు.

చివరి సాయంత్రం ఇసుకలో కూర్చున్నప్పుడు భార్య ఆయన భుజానికి ఆనుకుంది.

"మీరిలా ఉండగలరని తెలిస్తే పెళ్లినాడే ఒట్టేయించుకునేదాన్ని."

ఆయన ఆవిడ కొంగుకి అంటిన ఇసుక దులిపాడు.

బయల్దేరే రోజు ఇల్లంతా వీధిలోకి వచ్చింది. ముసలాయన పేకముక్కలు బహుమతిగా ఇచ్చాడు, అందులో రాజు మాత్రం లేడు. పిల్ల ఆయన కాలు పట్టుకుని వదలనంది. దారిలో తినమని ఇంటావిడ పొట్లాలు కట్టింది. ఆయన గొంతు సవరించుకుని బిల్లెంతయిందో చెప్పమన్నాడు. ఆవిడ పడీపడీ నవ్వి, నీకు వేళాకోళం ఎక్కువ తమ్ముడూ అంటూ వీపు మీద ఒక్కటి చరిచింది. జేబులోంచి తీసిన పర్సుని మళ్లీ జేబులోకే తోసేసింది.

ఇంత మంచి మనుషులు లోకంలో ఇంకా ఉన్నారా అని ఆయనకి కళ్లు చెమర్చాయి. జన్మలో మొదటిసారి, ఎవరూ అడక్కుండానే, "వంక పెట్టడానికి ఏమీ లేదక్కా" అన్నాడు.

ఇంటావిడ కూడా కరిగిపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని కాస్త పక్కకి తీసుకెళ్లింది. అందరి మధ్యా నిలబడ్డ తన మొగుడు వినడం లేదు కదా అని వెనక్కి చూసి, గొంతు తగ్గించింది.

"ఏమీ అనుకోకు తమ్ముడూ, గుమ్మంలోకి వచ్చినవాళ్లని అడిగితే బావుండదని ఇన్నాళ్లూ మొహమాటపడ్డాను గానీ, ఇంతకీ మీరు మా ఆయన తరఫు చుట్టాలా, నా తరఫు చుట్టాలా?"